ఐక్యరాజ్యసమితిలో ఒక హెడ్మాస్టరు – ఊ థాంట్

ఈ ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక మహనీయుని జీవితాన్ని క్లుప్తంగా వ్రాసి యివ్వవలసిందిగా మన సంఘం కార్యదర్శిగారు నన్ను కోరారు. ప్రకాశం పంతులుగారినో, సర్వేపల్లి రాధాకృష్ణన్ గారినో ఎంచుకుంటానని ఆయన అనుకొని ఉంటారు. వారిని గురించి వ్రాయడానికి నాకన్న యోగ్యులు మనలో చాలామంది ఉన్నారు. నేను ఎంచుకున్న వ్యక్తి బర్మా దేశస్థుడు. 1961 నవంబరు నుండి 1971 డిసెంబరు వరకు ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శిగా పనిచేసిన ఊ థాంట్ గారు. మన ఈడు వారికి ఆ పేరు ఆకాశవాణి వార్తలలో రోజూ విన్న పేరే. మన మనుమలకు మాత్రం చెబితేగాని తెలియదు.

ఎందుకీయన అంటే, కారణం మన పఠనాలయమే. 2022 ఫిబ్రవరిలో రష్యా సైన్యం ఉక్రెయిన్ లోనికి వెళ్ళినప్పటి నుండి, 2023 అక్టోబరులో గాజా యుద్ధం మొదలైనప్పటి నుండి, ఉదయం పేపర్ల బల్ల దగ్గర మనం రెండు పక్షాలుగా చీలిపోతున్నాం. గొంతులు పెరుగుతున్నాయి. ఒకరిద్దరు మిత్రులు ఒకరి పక్కన ఒకరు కూర్చోవడం కూడా మానేశారు. చివరకు అందరమూ ఏకీభవించేది ఒక్క విషయంలోనే, ఐక్యరాజ్యసమితి వట్టి దండగ అని. నేను కూడా ఒకప్పుడు ఆ మాట గట్టిగా అన్నవాడినే. 1967లో, ఈ ఊ థాంట్ గారి మీదనే అన్నాను. ఆ సంగతి దాని చోటు వచ్చినప్పుడు మనవి చేస్తాను.

ముందు పేరు సంగతి. బర్మావారికి ఇంటిపేర్లు లేవు. ఆయన పేరు థాంట్, అంతే. ఊ అనేది పెద్దవారిని గౌరవించి ముందు చేర్చే మాట. మనం గారు అని వెనుక చేర్చినట్టు వారు ముందు చేరుస్తారు. అసలు అర్థం మావయ్య వంటిది. కనుక ఊ థాంట్ గారు అంటే రెండుసార్లు గౌరవించినట్టు. అయినా నాకు అలాగే అలవాటు.

ఆయన 1909 జనవరి 22న ఐరావతి నది డెల్టాలో పాంటనావ్ అనే చిన్న పట్టణంలో పుట్టారు. వరి పొలాలు, కాలువలు, పడవలు. మన కోనసీమ చూసినవారు ఆ ఊరిని ఊహించుకోవచ్చు. తండ్రి పో న్హిట్ గారు బియ్యం వ్యాపారి, చదువరి, ఇంట్లో పెద్ద పుస్తకాల బీరువాలున్న మనిషి. థాంట్ గారికి పద్నాలుగేళ్ళప్పుడు ఆయన పోయారు. ఆస్తి తగాదాలు వచ్చాయి. తల్లి నలుగురు కొడుకులతో ఇబ్బంది పడింది. ఈయన పెద్దవాడు. రంగూను విశ్వవిద్యాలయంలో రెండేళ్ళు చదివి, తమ్ముళ్ళ చదువుల కోసం తన చదువు ఆపుకొని, 1928లో స్వంత ఊరికి వచ్చి జాతీయ పాఠశాలలో ఉపాధ్యాయుడయ్యారు. కొద్ది సంవత్సరాలకే, పాతికేళ్ళ ప్రాయంలో, హెడ్మాస్టరయ్యారు. పెద్ద కొడుకుగా పుట్టి, ఇంటర్ తోనో ఎస్.ఎస్.ఎల్.సి. తోనో ఉద్యోగంలో చేరిపోయిన వాళ్ళం మన సంఘంలో ఎంతమందిమి ఉన్నామో చేతులెత్తితే తెలుస్తుంది.

ఆ పల్లెటూరి బడిలో కూర్చొని ఆయన వ్రాసిన తొలి పుస్తకాలలో ఒకటి నానాజాతి సమితిని గురించి. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత ఏర్పడి, రెండవదానిని ఆపలేక కూలిపోయిన సంస్థ అది. ఆ కాలంలో ఆ బడిలోనే పనిచేసిన మరొక వ్యక్తి ఊ ను, తరువాత స్వతంత్ర బర్మాకు మొదటి ప్రధానమంత్రి. వీరిద్దరి స్నేహమే థాంట్ గారిని బడి నుండి ప్రపంచంలోనికి లాగింది.

ఇక్కడ మన వాళ్ళ ప్రసక్తి ఒకటి చెప్పాలి. ఆ రోజుల్లో కాకినాడ, విశాఖపట్నం, కళింగపట్నం రేవుల నుండి వేలాది తెలుగు కూలీలు రంగూను వెళ్ళేవారు. కోరంగి రేవు పేరు మీద బర్మావారు మన వాళ్ళను కోరంగీలు అనేవారు, అది గౌరవంగా అన్న మాట కాదు. మా తాతగారు రంగూను రేవులో మూటలు మోశారు. 1930 మే నెలలో తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేస్తే, కంపెనీలు బర్మా కూలీలను పనిలో పెట్టుకున్నాయి. సమ్మె పరిష్కారం కాగానే వారిని పొమ్మన్నాయి. ఆ మంట చివరకు కంపెనీల మీదకు పోక, మన వాళ్ళ మీదకు వచ్చింది. రంగూను వీధుల్లో మన వాళ్ళు చాలామంది చనిపోయారు. అప్పుడు పన్నెండేళ్ళవాడైన మా పెదనాన్నగారు ఒక గిడ్డంగిలో బస్తాల వెనుక రెండు రాత్రులు దాక్కున్నారు. నాకు చిన్నతనంలో తెలిసిన మొదటి అంతర్జాతీయ వ్యవహారం అదే. ఇద్దరు పేదవాళ్ళ మధ్య కొట్లాట పెట్టినవాడు మూడోవాడు, వాడు ఎక్కడా కనబడడు.

1942లో జపాను వారు బర్మాను ఆక్రమించినప్పుడు థాంట్ గారిని రంగూనుకు పిలిపించి విద్యాశాఖ కమిటీలో వేశారు. కొద్దికాలానికే ఆయన తిరిగి ఊరికి వచ్చేశారు. బళ్ళల్లో జపాను భాష తప్పనిసరి అని ఉత్తర్వు వస్తే, దానిని అమలు చేయలేదు. మనలో ఆఫీసు సూపరింటెండెంట్లుగా చేసినవారికి ఈ విద్య బాగా తెలుసు.

1948లో బర్మాకు స్వాతంత్ర్యం వచ్చింది. వెంటనే అంతర్యుద్ధం. కరెన్ జాతివారు తిరగబడ్డారు. అప్పటికి ప్రభుత్వ ప్రసార శాఖకు అధికారిగా ఉన్న థాంట్ గారికి కరెన్ లలో మిత్రులున్నారు. ప్రాణాలకు తెగించి వారి శిబిరానికి వెళ్ళి రాజీకి ప్రయత్నించారు. కుదరలేదు. 1949లో తిరుగుబాటుదారులు పాంటనావ్ ను తగులబెట్టారు. కాలిపోయిన ఇళ్ళలో ఆయన ఇల్లు కూడా ఉంది. రాజీ మాటలకు వెళ్ళినవాడి ఇల్లే కాలిపోయింది. అయినా ఆయన ఆ తరువాత ఇరవై ఏళ్ళూ చేసింది రాజీ మాటల పనే.

ఊ ను గారికి కార్యదర్శిగా ఉంటూ 1955లో ఇండొనేషియాలోని బాండుంగులో జరిగిన ఆసియా, ఆఫ్రికా దేశాల మహాసభకు కార్యదర్శిగా వ్యవహరించారు. నెహ్రూ, చౌ ఎన్ లై, నాసర్, సుకర్ణో అందరూ కూడిన సభ అది. 1957లో బర్మా ప్రతినిధిగా న్యూయార్కు చేరారు. అల్జీరియా స్వాతంత్ర్యం కోసం ఆసియా, ఆఫ్రికా దేశాల సంఘానికి అధ్యక్షత వహించారు.

1961 సెప్టెంబరు 18న ప్రధాన కార్యదర్శి హామర్‌షోల్డ్ గారు కాంగో వ్యవహారం మీద వెళుతూ ఉత్తర రొడీషియాలో విమాన ప్రమాదంలో మరణించారు. ఆ స్థానంలో ఒక్క మనిషి వద్దు, మూడు కూటముల నుండి ముగ్గురు కావాలని సోవియట్ ప్రభుత్వం పట్టుబట్టింది. అలా జరిగితే ఏ కాగితమూ ముగ్గురి సంతకాలు దాటి బయటకు వచ్చేది కాదు. చివరకు ఇరుపక్షాలకూ అభ్యంతరం లేని మనిషిగా థాంట్ గారు తేలారు. నవంబరు 3న ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. మొదట తాత్కాలిక హోదాలోనే. అంటే మన భాషలో ఇన్‌చార్జి.

ఆయన పక్కనే ముఖ్య అధికారిగా పనిచేసినవారు మద్రాసు రాష్ట్ర ఐ.సి.ఎస్. అధికారి సి.వి. నరసింహన్ గారు. 1966 అక్టోబరులో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారు ఐక్యరాజ్యసమితి సభామందిరంలో కచేరీ చేసింది ఈ ఇద్దరి హయాములోనే.

1962 థాంట్ గారికి కఠినమైన సంవత్సరం. మార్చి 2న బర్మాలో సైన్యాధిపతి నె విన్ అధికారాన్ని కైవసం చేసుకొని ఊ ను గారిని నిర్బంధించాడు. ప్రపంచంలో ఏ దేశపు సంగతైనా మాట్లాడగలిగిన థాంట్ గారు తన దేశం సంగతి మాట్లాడలేకపోయారు. ఆ పదవిలో ఉన్నవాడు ఏ దేశానికీ చెందడు. ఆ మౌనం సరైనదేనా అని నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. ఆ ఏడాదే ఆయన కుమారుడు, ఇరవై దాటిన యువకుడు, రంగూనులో బస్సు మీద నుండి పడి మరణించాడు. మరొక కుమారుడు పసితనంలోనే పోయాడు. ఆయన బౌద్ధుడు, ప్రతి ఉదయం ధ్యానం చేసేవారు. దుఃఖాన్ని బయటకు కనబడనీయకుండా తన పని తాను చేసుకున్నారని ఆయన జ్ఞాపకాలను బట్టి తెలుస్తుంది. కొడుకును పోగొట్టుకున్న తండ్రిగా ఆయనలోపల ఏముందో మనకెవరికీ తెలియదు.

ఆ తరువాత ఐదు నెలలకే క్యూబా వచ్చింది.

ఈ భాగం కొంచెం విపులంగా వ్రాస్తాను, ఓపిక పట్టండి. సోవియట్ వారు క్యూబాలో అణు క్షిపణులు పెడుతున్నారని 1962 అక్టోబరు 22న కెన్నెడీ ప్రకటించి, సముద్రంలో ఓడలను అడ్డగిస్తామన్నాడు. అడ్డగింపు 24వ తేదీ నుండి అమలు. సోవియట్ ఓడలు వస్తున్నాయి. అమెరికా ఓడ ఒకదానిని ఆపితే, రష్యా జలాంతర్గామి తిరిగి కొడితే, ఆ తరువాత ఏమయ్యేదో ఊహించనక్కరలేదు. ఆ రోజు థాంట్ గారు ఇద్దరికీ ఒకే విధమైన సందేశాలు పంపారు. రెండు మూడు వారాలు మీరు ఆయుధాలు పంపడం ఆపండి, మీరు ఓడలను ఆపడం ఆపండి, ఈలోగా మాట్లాడుకోండి అని దాని సారాంశం. తప్పు ఎవరిదో అందులో లేదు.  కృశ్చేవ్ ఒప్పుకున్నాడు.

అసలు కిటుకు రెండవ సందేశంలో ఉంది. ఓడలు ఎదురుపడకుండా కాస్త వ్యవధి కావాలని కెన్నెడీకే ఉంది. కాని ఆ మాట తాను అడిగితే భయపడినట్టు అవుతుంది. రాత్రికి రాత్రి తన ప్రతినిధి ద్వారా థాంట్ గారికి కబురు పంపించాడు. 25వ తేదీన థాంట్ గారు తన మాటగా కృశ్చేవ్ కు వ్రాశారు, మీ ఓడలను కొన్నాళ్ళు ఆ హద్దుకు దూరంగా ఉంచండని. కెన్నెడీకి కూడా వ్రాశారు, తాకిడి రానీయకండని. అమెరికా అడిగితే కృశ్చేవ్ వెనక్కు తగ్గలేడు. ఐక్యరాజ్యసమితి అడిగింది కనుక తగ్గాడు. సంబంధం చెడిపోయిన రెండు కుటుంబాల మధ్య మన ఊళ్ళల్లో ఒక పెద్దమనిషి తిరుగుతాడే, అక్కడ వాళ్ళు చెప్పిన మాట ఇక్కడ తన మాటగా చెబుతాడే, అదే పని. తన ముఖం అరువు ఇవ్వడం.

మరొక సంగతి 25 సంవత్సరాల తరువాత, 1987లో, అప్పటి అమెరికా విదేశాంగ మంత్రి డీన్ రస్క్ వెల్లడించాడు. టర్కీలో తమ క్షిపణులకు, క్యూబాలో వారి క్షిపణులకు చెల్లుకు చెల్లు అనే ప్రతిపాదనను, అవసరమైతే థాంట్ గారి నోట పలికించడానికి కెన్నెడీ ఒక కాగితం సిద్ధం చేయించి ఉంచాడట. దాని అవసరం రాలేదు. 28వ తేదీన క్షిపణులు వెనక్కు తీసుకుంటామని కృశ్చేవ్ ప్రకటించాడు.

టెలిగ్రాఫిస్టుగా పనిచేసిన నాకు ఇందులో మరొక ముచ్చట ఉంది. ఆ రోజుల్లో వాషింగ్టనులోని సోవియట్ రాయబారి తన రహస్య తంతిని మాస్కోకు పంపాలంటే, తంతి కంపెనీ కుర్రవాడు సైకిలు మీద వచ్చి కాగితం పట్టుకుపోయేవాడట. వాడు దారిలో ఎక్కడా ఆగకుండా వెళ్ళాలని రాయబారి మొక్కుకునేవాడట. అక్టోబరు 26న కృశ్చేవ్ పంపిన ముఖ్యమైన లేఖ వాషింగ్టనులో పూర్తిగా చేతికి రావడానికి గంటలు పట్టింది. మనం ఎక్స్‌ప్రెస్ తంతి ఆలస్యమైతే సంజాయిషీ వ్రాసిన రోజులు గుర్తుకు వస్తాయి. ఆ అనుభవంతోనే 1963లో రెండు రాజధానుల మధ్య హాట్‌లైను వేశారు. అది టెలిఫోను అని చాలామంది అనుకుంటారు, సినిమాల్లో ఎర్ర ఫోను చూపిస్తారు. నిజానికది టెలిప్రింటరు లైను. లండను, కోపెన్‌హేగెన్, స్టాక్‌హోమ్, హెల్సింకీ మీదుగా మాస్కోకు.

థాంట్ గారు అక్టోబరు 30న స్వయంగా హవానా వెళ్ళారు. తనతో ఒక మాటైనా చెప్పకుండా రష్యా, అమెరికా రాజీపడ్డాయని కాస్ట్రో మండిపడుతున్నాడు. తనిఖీకి ససేమిరా అన్నాడు. థాంట్ గారు ఆయన కోపమంతా విన్నారు. చిన్న దేశపు మనిషి కోపం మరొక చిన్న దేశపు మనిషికి అర్థమవుతుంది. తనిఖీ విషయంలో వట్టి చేతులతోనే తిరిగి వచ్చారు. కాని క్యూబా మీద కూల్చివేయబడిన అమెరికా విమాన చోదకుని దేహాన్ని అతని కుటుంబానికి పంపించే ఏర్పాటు చేయించగలిగారు.

కాంగోలో మాత్రం ఆయన బలప్రయోగం చేయించారు. రాగి, యురేనియం గనులున్న కటాంగా రాష్ట్రాన్ని చోంబే అనేవాడు విదేశీ గనుల కంపెనీ అండతో, కిరాయి సైనికులతో వేరు దేశమని ప్రకటించుకున్నాడు. ఐక్యరాజ్యసమితి సేనలలో మన భారత బ్రిగేడు ముఖ్యమైనది. కెప్టెన్ గురుబచన్ సింగ్ సలారియా 1961 డిసెంబరు 5న అక్కడే నేలకొరిగి పరమవీరచక్ర పొందాడు. 1963 జనవరితో కటాంగా వేర్పాటు ముగిసింది. 1964లో సైప్రసులో గ్రీకు, తుర్కు వర్గాల మధ్య శాంతిసేన. దానికి అధిపతిగా ఉండగానే మన జనరల్ తిమ్మయ్యగారు 1965 డిసెంబరులో అక్కడ మరణించారు. ఆ శాంతిసేన అరవై ఏళ్ళ తరువాత కూడా అక్కడే ఉంది. అది విజయమో పరాజయమో మీరే చెప్పండి. కాల్పులు లేవు, పరిష్కారమూ లేదు.

1965 సెప్టెంబరులో మనకూ పాకిస్తానుకూ యుద్ధం వచ్చినప్పుడు ఆయన రావల్పిండీకి, ఢిల్లీకి వచ్చారు. నేనప్పుడు కాలేజీ విద్యార్థిని. విశాఖలో రాత్రులు దీపాలార్పే రోజులు. ఆయన వచ్చినందువల్ల యుద్ధం అప్పటికప్పుడు ఆగలేదు, ఇరుపక్షాల షరతులూ పొసగలేదు. భద్రతా మండలి తీర్మానం తరువాత 23వ తేదీన కాల్పులు ఆగాయి. మన ప్రభుత్వం ఏర్పరచిన జవహర్‌లాల్ నెహ్రూ అంతర్జాతీయ అవగాహన పురస్కారం మొట్టమొదట, 1965వ సంవత్సరానికి, ఆయనకే ఇచ్చారు.

వియత్నాం ఆయనకు గుండెలో ముల్లు. 1964లో హనోయి ప్రభుత్వాన్ని రంగూనులో రహస్య చర్చలకు ఒప్పించారు. అమెరికా నెలల తరబడి జవాబు చెప్పక, 1965 జనవరిలో కాదంది. మార్చి నుండి ఎడతెగని బాంబుదాడులు మొదలయ్యాయి. ఆయన బహిరంగంగా విమర్శించడంతో అధ్యక్షుడు జాన్సన్ దూరమయ్యాడు. పారిస్ చర్చలు 1968లో మొదలై 1973లో ఒప్పందం కుదిరింది. ఈ మధ్య సంవత్సరాల్లో చచ్చినవారి లెక్క వేసుకుంటే, ఆ రంగూను చర్చలు జరిగి ఉంటే ఏమయ్యేదో అని మనసు పీకుతుంది.

ఇక 1967. నేను 1966లో టెలిగ్రాఫిస్టుగా చేరాను, విశాఖపట్నంలో పోస్టింగు. నైట్ డ్యూటీలో ట్రాఫిక్ తగ్గాక టీ త్రాగుతూ లోకం సంగతులు మాట్లాడుకొనేవాళ్ళం. మే 16న ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ సినాయి, గాజాల నుండి ఐక్యరాజ్యసమితి సేనను వెళ్ళిపొమ్మన్నాడు. రెండు రోజులకల్లా థాంట్ గారు ఒప్పుకున్నారు. జూన్ 5న యుద్ధం వచ్చింది. ఆరు రోజుల్లో పటం మారిపోయింది. ఆ మొదటి రోజుల్లోనే గాజాలో ఇంకా ఓడ ఎక్కని మన జవాన్లు పలువురు ప్రాణాలు కోల్పోయారు. ప్రపంచమంతా థాంట్ గారిని తిట్టింది. నేనూ తిట్టాను. పిరికివాడు, సేనను ఒక్క నెల అక్కడే ఉంచి ఉంటే యుద్ధం వచ్చేది కాదని ఇరవై ఒక్క ఏళ్ళ ధీమాతో వాదించాను.

మాతో ఒక సీనియర్ ఉండేవారు. సైన్యంలో సిగ్నల్స్ విభాగంలో చేసి, గాజాలో ఒక ఏడాది ఉండి, పదవీ విరమణ తరువాత మా కార్యాలయంలో చేరిన మనిషి. ఆయన నన్ను కోప్పడలేదు. ఒక తంతి ఫారం వెనుక పెన్సిలుతో గీత గీశారు. గాజా హద్దు, సినాయి సరిహద్దు కలిపి రెండు వందల యాభై కిలోమీటర్లు పైబడిన గీత. దాని మీద దాదాపు 3,400 మంది. తమను తాము కాపాడుకోవడానికి తప్ప కాల్చకూడదు. 1956లో సేన వచ్చినప్పుడే అది ఈజిప్టు అనుమతితో వచ్చింది. ఇజ్రాయెలు తన వైపు ఒక్క గుడారం కూడా వేయనివ్వలేదు, 1967 మేలో థాంట్ గారు మళ్ళీ అడిగినా ఒప్పుకోలేదు. సేనలో పెద్ద భాగం మన వాళ్ళు, యుగోస్లావులు. ఈ రెండు ప్రభుత్వాలే ఈజిప్టు కోరితే పోవలసిందే అన్నాయి. అప్పటికే ఈజిప్టు సైన్యం మన వాళ్ళ కాపలా చోట్లలోకి వచ్చేసింది. ఇంటివాడు పొమ్మన్నాక, పక్కింటివాడు రావద్దన్నాక, అద్దెకున్నవాడు గోడ మీద ఎన్నాళ్ళు కూర్చుంటాడు.

నాకు మాట పెగలలేదు. అయినా ఓడిపోయానని ఒప్పుకోలేదు. ఒప్పుకోవడానికి ముప్పై ఏళ్ళు పట్టింది. పదవీ విరమణకు కొన్నేళ్ళ ముందు పాత పుస్తకాల దుకాణంలో ఆయన జ్ఞాపకాల పుస్తకం దొరికి, చదివాక. సేనను తీసివేయడానికి ఒప్పుకున్న ఆయనే నాలుగు రోజులకు కైరో బయలుదేరారు. దారిలో ఉండగానే తిరాన్ జలసంధి మూసివేస్తున్నట్టు నాసర్ ప్రకటించాడు. అయినా వెనుదిరగలేదు. వెళ్ళి, రెండు వారాల గడువుకు ప్రయత్నించారు. క్యూబాలో పారిన సూత్రమే. ఈసారి గడువుకు నాసర్ ఒప్పుకున్నా ఇజ్రాయెలు ఒప్పుకోలేదు. దిగడానికి నిచ్చెన పట్టుకొని నిలబడినవాడున్నా, ఇద్దరూ దిగితేగాని పని జరగదు.

ఒక లోపం మాత్రం చెప్పకుండా ఉండలేను. ఆ మే నెలలో సర్వప్రతినిధి సభను అత్యవసరంగా పిలిపించి, భారం అందరి నెత్తినా వేసి ఉండవలసింది. చట్టప్రకారం తాను చేసింది ఒప్పే. కాని చట్టం ఒప్పుకున్నదల్లా లోకం ఒప్పుకోదు. ఇది నా అభిప్రాయం, మిత్రులు కాదనవచ్చు.

1971లో తూర్పు పాకిస్తాను. కోటి మంది శరణార్థులు మన దేశంలోనికి వచ్చారు. థాంట్ గారు వారికి సహాయం ఏర్పాటు చేయించారు. జూలై 20న, ఇది పెద్ద యుద్ధానికి దారితీస్తుందని భద్రతా మండలి అధ్యక్షునికి హెచ్చరిక పత్రం పంపారు. మండలి కదలలేదు. డిసెంబరులో యుద్ధం వచ్చాక కూడింది. ఆ నెలాఖరుతోనే ఆయన పదవీకాలం ముగిసింది. మూడోసారి ఉండమన్నా వద్దన్నారు.

మా పెదనాన్నగారి సంగతి సగంలో వదిలాను. యుద్ధం తరువాత ఆయన తిరిగి రంగూను వెళ్ళి చిన్న కిరాణా దుకాణం పెట్టుకున్నారు. 1964 మార్చిలో నె విన్ ప్రభుత్వం దుకాణాలన్నీ జాతీయం చేసింది. మే నెలలో యాభై, వంద చాట్ల నోట్లు చెల్లవంది. లక్షల మంది భారతీయులు కట్టుబట్టలతో ఓడలెక్కారు. పెదనాన్నగారు విశాఖ రేవులో దిగినప్పుడు చేతిలో ఒక ట్రంకు పెట్టె, అందులో పాత లుంగీలు, తూకం రాళ్ళు. తక్కెడ లేదు, రాళ్ళు మాత్రం ఎందుకు తెచ్చుకున్నారో ఎవరమూ అడగలేదు. మన ఊళ్ళల్లో బర్మా కాలనీలు అలా వెలిసినవే. ప్రపంచానికి పెద్దగా ఒక బర్మావాడు కూర్చుని ఉండి తమకు ఒరిగిందేమిటని ఆయన చాలాకాలం కసిగా ఉండేవారు. అందులో అన్యాయమేమీ లేదు.

థాంట్ గారు 1974 నవంబరు 25న న్యూయార్కులో ఊపిరితిత్తుల క్యాన్సరుతో మరణించారు. దేహాన్ని రంగూను తెచ్చారు. 1969లో ఊ ను గారు ఐక్యరాజ్యసమితి భవనంలోనే విలేఖరుల ముందు నె విన్ ను దుయ్యబట్టినప్పుడు థాంట్ గారు ఆఫ్రికాలో ఉన్నారు. ఆయనకు తెలియకుండా జరిగిందంటే నె విన్ నమ్మలేదు. ఆ పగ చావుతో కూడా పోలేదు. విమానాశ్రయంలో ప్రభుత్వ లాంఛనాలు లేవు. మర్యాదకు వచ్చిన ఒక ఉపమంత్రికి పదవి పోయింది. మామూలు శ్మశానంలో పూడ్చమన్నారు. డిసెంబరు 5న అంతిమయాత్ర బయలుదేరుతుండగా విద్యార్థులు శవపేటికను ఎత్తుకొని విశ్వవిద్యాలయానికి తీసుకుపోయారు. 1962 జూలైలో సైన్యం డైనమైటుతో పేల్చివేసిన విద్యార్థి సంఘ భవనం ఖాళీ స్థలంలో సమాధి కట్టారు. సన్యాసులు, సామాన్య జనం బారులు తీరారు. డిసెంబరు 11 తెల్లవారుజామున సైన్యం ఆవరణలో ప్రవేశించి, కాల్పులు జరిపి, పేటికను తవ్వి తీసుకుపోయింది. విద్యార్థులు కొందరు చనిపోయారు. నగరంలో సైనిక శాసనం విధించారు. పేటికను ష్వేడగోన్ పగోడా పాదాల దగ్గర సమాధి చేశారు.

ఆ వార్త వచ్చిన రోజు నేను పేపరు పట్టుకొని బర్మా కాలనీలో పెదనాన్నగారి ఇంటికి వెళ్ళాను. ఆయనకు కళ్ళు సరిగా ఆనవు, చదివి వినిపించాను. మరొకసారి చదవమన్నారు. చదివాను. తరువాత ఆయన లేచి, వసారాలో ఉన్న ఆ తూకం రాళ్ళను ఒకదాని మీద ఒకటి పేర్చి, పక్కన దీపం పెట్టి కూర్చున్నారు. మా పెద్దమ్మ భోజనానికి పిలిస్తే రాలేదు.

థాంట్ గారి జ్ఞాపకాల పుస్తకం ఆయన పోయిన తరువాత 1978లో అచ్చయింది, పేరు వ్యూ ఫ్రమ్ ది యు.ఎన్. నా ప్రతిని మన పఠనాలయం బీరువాలో, రెండవ అరలో ఉంచాను. అట్ట కొంచెం ఊడింది, జాగ్రత్తగా తిప్పవలసిందిగా మనవి. 1967 అధ్యాయంలో మార్జిన్లలో పెన్సిలుతో వ్రాసిన గీతలు, ప్రశ్నార్థకాలు నావే. ఎవరికైనా జవాబులు తోస్తే పక్కనే వ్రాయండి.